ఓలెటా పెద్దమ్మ చేతికి పట్టని పిస్తోలు

నా పేరు కోల్బీ స్ప్రాడ్లిన్. తండ్రి పేరు లెస్టర్, ఇప్పుడు లేరు. వయసు ఇరవై నాలుగు. చదువు, చరిత్రలో డిగ్రీ. దానివల్ల ఈ ఊరికి కలిగిన లాభం ఇంకా తేలలేదు. వృత్తి, కెంటకీ రాష్ట్రం కాల్డర్ కౌంటీ మిల్‌ఫోర్క్‌లో మా బాబాయి హోబార్ట్ స్ప్రాడ్లిన్ గారి దుకాణంలో గుమాస్తా. దుకాణం ముందు సగంలో గాలాలు, వానపాములు, ఎరకు పనికొచ్చే బతికున్న చేపపిల్లలు అమ్ముతాం. వెనక సగంలో తుపాకులు అమ్ముతాం.

ఈ రోజు మార్చి పద్దెనిమిది, మంగళవారం. మధ్యాహ్నం రెండూ ఇరవైకి షెరీఫ్ ఆఫీసులోని రెండో గదిలో కూర్చుని, డిప్యూటీ రాండల్ టాకెట్ గారి ఎదుట, పూర్తి స్పృహలో ఈ మాటలు చెబుతున్నాను. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. టాకెట్ గారు తన సాండ్‌విచ్‌లో సగం నాకిచ్చారు. అది లంచం కిందికి రాదని ఆయనే చెప్పారు.

ముందుగా ఒక మాట. నేను నేరం చేశాను. ఈ వాక్యం చివర్లో కాకుండా మొదట్లోనే రాయమన్నాను.

"ఒరేయ్, ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ చెయ్యలేదని రాయిస్తాడు. నువ్వేంట్రా?" అన్నారు టాకెట్ గారు.

రాయండి అన్నాను. రాశారు.

నేరం ఏమిటంటే, ఈ రోజు ఉదయం పదకొండూ యాభై మూడుకి, ఓలెటా రాట్లిఫ్ గారు డబ్బు కట్టి రసీదు తీసుకున్న పిస్తోలును ఆమె ముందు నుంచి లాక్కుని చేపపిల్లల తొట్టిలో పడేశాను. ఇప్పటికి అందరూ నన్ను క్షమించేశారు. ఆ క్షమాపణ నాకు అక్కర్లేదు. నన్ను వదిలేస్తే సాయంత్రం ఐదింటికి ఆ పిస్తోలు ఈ ఆఫీసు గుమ్మం దాటుతుంది. దాటి ఎవరి చేతికి వెళ్తుందో నాకు తెలుసు. ఆ చెయ్యి ఉండే ఇంటి నుంచి షీనా ఉండే ఇంటికి కారులో తొమ్మిది నిమిషాలు. అందుకే ఈ వాంగ్మూలం.

వరసగా చెబుతాను.

ఉదయం పదీ నలభైకి ఓలెటా గారు దుకాణానికి వచ్చారు. ఆమెకు అరవై ఆరేళ్లు. ఊళ్లో సగం మందికి ఆదివారం బడిలో బైబిలు చెప్పిన మనిషి, అందరికీ పెద్దమ్మ. నీలం కోటు వేసుకున్నారు. చేతిలో ఆపిల్ జామ్ సీసా ఉంది, మా బాబాయికి. ఆమె కొడుకు డారెల్ లోపలికి రాలేదు. రోడ్డుకు అవతల, దాణా కొట్టు ముందు, ట్రక్కులో ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. డారెల్‌కు ముప్పై ఎనిమిదేళ్లు. షీనా అతని భార్య. జనవరి తొమ్మిదిన జడ్జి గారు ఆమెకు రక్షణ ఉత్తర్వు ఇచ్చారు. డారెల్ ఆమె దగ్గరికి వెళ్లకూడదు, తుపాకీ ముట్టుకోకూడదు. ఆ మర్నాడు డారెల్ ఇంటికి వెళ్లి ఐదు తుపాకులు పట్టుకొచ్చి ఈ గది వెనక అల్మరాలో పెట్టింది టాకెట్ గారే. కాబట్టి ఈ భాగం ఆయనకు నేను చెప్పనవసరం లేదు. రికార్డు కోసం చెబుతున్నాను.

"ఏం కావాలి పెద్దమ్మా? వానపాములా?" అన్నాను.

"పిస్తోలు నాయనా. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను కదా, దొంగల భయం."

మిల్‌ఫోర్క్‌లో ఆఖరి దొంగతనం మూడేళ్ల కిందట జరిగింది. చర్చి మెట్ల మీది గుమ్మడికాయ పోయింది. ఆ మాట నేను అనలేదు. దొంగల భయం ఎవరి ఇష్టం వాళ్లది.

ఇంటి రక్షణకు పిస్తోలు ఎలా ఎంచాలో ఇక్కడ కొంచెం చెప్పాలి. నేను లాక్కున్నదానికి కారణం అందులోనే ఉంది. మగవాళ్లు గుర్రాన్ని కొన్నట్టు కొంటారు, ఎంత పెద్దదైతే అంత గొప్ప. పెళ్లాలకు మాత్రం అరచేతిలో ఇమిడే చిన్నది, వీలైతే గులాబీ రంగుది కొనిపెడతారు. రెండూ తప్పే. బరువు తక్కువైన పిస్తోలు పేలినప్పుడు చేతిని ఎక్కువ తంతుంది. ఒక్కసారి పేల్చిన ఆడమనిషి దాన్ని మళ్లీ ముట్టుకోదు, అది బట్టల బీరువాలో జోళ్ల కింద చేరుతుంది. మా బాబాయి పద్ధతి వేరు. జోళ్ల కొట్లో పాదం కొలిచినట్టు ఆయన చెయ్యి కొలుస్తాడు. గోధుమరంగు కాగితం మీద చెయ్యి పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, పేరూ తేదీ రాస్తాడు. పిడి పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గరు మీద హాయిగా పడాలి. పడకపోతే ఆ పిస్తోలు ఎంత మంచిదైనా మీది కాదు. మొత్తం శాస్త్రం ఇంతే. ఇది నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ముప్పై ఒక్క ఏళ్లుగా గీసిన చేతులన్నీ కౌంటరు కింద సొరుగులో ఉన్నాయి. మా ఊళ్లో పోయినవాళ్ల ఫోటో దొరక్కపోయినా చెయ్యి దొరుకుతుంది. మా నాన్నది ఉంది. దాని మీద నా చెయ్యి పెట్టి చూసుకున్నాను, ఒకసారి కాదు. ఇది కేసుకు సంబంధం లేదు, కొట్టేయండి.

టాకెట్ గారు కొట్టేయలేదు.

ఓలెటా పెద్దమ్మ కుడిచెయ్యి గీశాను. కీళ్లు వాచి ఉన్నాయి. వేళ్లు పొట్టి. ఆ చేతికి స్లయిడు, అంటే తూటా ఎక్కించడానికి లాగే పైభాగం, తేలిగ్గా వెనక్కి వచ్చే మధ్యరకం పిస్తోలు సరిపోతుంది. ఒకటి తీసి ముందు పెట్టాను. ఆమె దాని వైపు చూడనైనా లేదు. కోటు జేబులోంచి చీటీ తీసి, దూరంగా పట్టుకుని, ఒక పేరు చదివారు. కంపెనీ, నంబరు, తూటా సైజు, అన్నీ. మా దుకాణంలో ఉన్నవాటిలో అదే పెద్దది.

"పెద్దమ్మా, అది మీకు పట్టదు."

"పట్టకపోతే నేర్చుకుంటాలే నాయనా."

చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకున్నారు, వేడి బాణలి పట్టుకున్నట్టు. వేలు ట్రిగ్గరు దాకా అందలేదు. స్లయిడు లాగమన్నాను. కదల్లేదు. ఇంకోసారి లాగారు. కదల్లేదు. పళ్లు బిగించి మూడోసారి లాగబోతుంటే చూడలేక, చాలమ్మా అన్నాను.

"ఇదే ఇవ్వు. దానికి ఒర కూడా కావాలి," అని చీటీ మళ్లీ చూసుకున్నారు. "నడుముకి కట్టుకునేది. ఎడమవైపుది."

ఇది బాగా రాసుకోండి. ఇంట్లో మంచం పక్కన పెట్టుకునే పిస్తోలుకు నడుము ఒర ఎందుకు? దొంగ వచ్చిన రాత్రి ముసలమ్మ లేచి నైటీ మీద బెల్టు కట్టుకుంటుందా? అదీ ఎడమవైపు, అంటే ఎడమచేత్తో తీసుకునేది. ఆవిడ జామ్ సీసా పెట్టింది కుడిచేత్తో. చీటీ తీసింది కుడిచేత్తో. నాకు ఏడేళ్లప్పుడు బైబిల్లో పాల్ గారి ఉత్తరాలు చెబుతుంటే మధ్యలో నిద్రపోయినందుకు నా చెవి మెలేసిందీ కుడిచేత్తోనే. ఆ చెవి ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది.

సొరుగు తీసి రాట్లిఫ్ కాగితాలు చూశాను. డారెల్‌ది దొరికింది. పదకొండేళ్ల కిందటి తేదీ. ఎడమచెయ్యి. ఆ గీత మీద సదరు పిస్తోలును పెట్టాను. పిడి అరచేతిలో ఒదిగింది. వేలి కణుపు సరిగ్గా ట్రిగ్గరు మీద పడింది. రెండు కాగితాలనూ ఈ వాంగ్మూలానికి జతచేస్తున్నాను. పెద్దమ్మ అబద్ధమాడారని నేను అనడం లేదు. చెయ్యి సరిపోలేదంటున్నాను.

బాబాయిని వెనకగదిలోకి పిలిచి రెండు కాగితాలూ చూపించాను. చాలాసేపు చూశాడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"వద్దు బాబాయ్. అమ్మకానికి కాదను. అది మన హక్కు."

"ఎవరితో అనమంటావురా? ఓలెటాతోనా? నువ్వు అబద్ధాలకోరువని ఆమె మొహమ్మీద ఎలా అంటాను? మీ నాన్న పోయినప్పుడు మూడు పెద్ద పళ్లేల వంట పంపింది. ఆ పళ్లేలు కూడా తిరిగి అడగలేదు."

"పళ్లేలు ఇప్పుడే ఇచ్చేద్దాం. పిస్తోలు ఇవ్వొద్దు."

"ఎక్కువ మాట్లాడకు. ఫారం నింపనీ. పాత కేసులున్నాయేమో పైవాళ్లు వెతుకుతారు కదా, అందులో ఏమన్నా తేలితే ఆపుదాం."

ఏం తేలుతుంది? ఆవిడ మీద అరవై ఆరేళ్లలో పార్కింగు చలానా కూడా లేదు. మా ఊరి జబ్బే ఇది. మర్యాద. ఒక పెద్దమనిషిని నొప్పించడం కన్నా ఇంకొకరి అంత్యక్రియలకు వంట పంపడం మాకు సులభం.

పదకొండున్నరకి ఆమె ఫారం నింపారు. నిజమైన కొనుగోలుదారు మీరేనా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. ఇంకొకరి కోసం కొంటూ అవునని రాస్తే నేరమని దాని కిందే అచ్చేసి ఉంటుంది. ఆ ప్రశ్న దగ్గర పెద్దమ్మ కళ్లద్దాలు తీసేశారు. మిగతా ఫారమంతా అద్దాలతో నింపారు. ఆ ఒక్క గడి అద్దాల్లేకుండా నింపారు. తర్వాత మళ్లీ పెట్టుకున్నారు.

పదకొండూ ముప్పై అయిదుకి నేను ఈ ఆఫీసుకు ఫోను చేశాను. ఎత్తింది టాకెట్ గారు. విషయం చెప్పాను.

"ఇంకా ఏమీ జరగలేదు కదరా. జరగనిదాని మీద నేనేం చెయ్యను? ఆమెకు కొనుక్కునే హక్కుంది," అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. చట్టం అలాగే ఉంది. ఏదో ఒకటి జరిగితే తప్ప చట్టం కుర్చీలోంచి లేవదు. సరే, ఏదో ఒకటి జరగాలి కదా అనుకున్నాను.

టాకెట్ గారు ఇక్కడ రాయడం ఆపి కాఫీకి వెళ్లారు. రెండూ యాభైకి వచ్చి, "ఆ మాట అలాగే ఉండనీ," అని మళ్లీ రాయడం మొదలుపెట్టారు.

పదకొండూ నలభై నాలుగుకి అమ్మవచ్చని జవాబొచ్చింది. పదకొండూ యాభైకి ఆమె నగదు ఇచ్చారు. నోట్లు కొత్తవి, అప్పుడే బయటికి వెళ్లి ట్రక్కులోంచి తెచ్చినవి. యాభై రెండుకి రసీదు వచ్చింది. ఆ క్షణం నుంచి పిస్తోలు ఆమెది, మాది కాదు. ఈ సంగతి తెలిసే నేను ఇంకో నిమిషం ఆగాను. సొంత దుకాణం సరుకును నీళ్లలో వేస్తే తిక్క అంటారు. పరాయి మనిషి సొత్తును వేస్తేనే నేరం. నేను చరిత్ర చదివానే గాని చట్టం చదవలేదు, అయినా ఈ మాత్రం తెలుసు.

యాభై మూడుకి పెట్టెలోంచి పిస్తోలు తీసి, రెండడుగులు వేసి, చేపపిల్లల తొట్టిలో వదిలాను. తూటాలు లేవు. పెద్ద చప్పుడు కూడా కాలేదు. చేపపిల్లలు ఒక పక్కకు జరిగి, కాసేపు చూసి, మళ్లీ వచ్చాయి.

"ఒరేయ్ దరిద్రుడా," అన్నాడు బాబాయి.

పెద్దమ్మ తొట్టిలోకి చూస్తూ నిలబడ్డారు. ఆమె మొహంలో కోపం కోసం వెతికాను. నాకు కనిపించలేదు.

కిటికీలోంచి చూశాడేమో, డారెల్ రోడ్డు దాటి వచ్చాడు. "తియ్యండి దాన్ని. ఏం చూస్తున్నారు, తియ్యండి," అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి దాకా తొట్టిలో పెట్టాడు.

"డారెల్, ముట్టుకున్నావంటే జైలుకి పోతావు. చెయ్యి తియ్యి," అన్నాడు బాబాయి. అంత మెల్లగా మాట్లాడటం ఆయనకు వచ్చని నాకు తెలీదు.

డారెల్ ఆగాడు. పిస్తోలు అడుగున ఉంది. చెయ్యి దానికి జానెడు పైన ఉంది. చేపపిల్లలు వేళ్ల మధ్య తిరుగుతున్నాయి. ఎడమచెయ్యి. ముగ్గురం చూశాం. వాడు చెయ్యి తీసుకుని, నా చొక్కాకే తుడుచుకుని, "నీ సంగతి తర్వాత చెబుతానురా కాలేజీ," అని వెళ్లాడు. నన్ను కాలేజీ అని పిలిచినందుకు అభ్యంతరం లేదు. 'తర్వాత' అన్న మాట మాత్రం రాసుకోండి.

పన్నెండూ పదికి టాకెట్ గారు వచ్చి పిస్తోలును వలతో తీసి సంచీలో వేశారు. మేం చేపపిల్లల్ని డజన్లెక్కన పట్టి ఇచ్చే వల అది.

ఇక షీనా సంగతి.

"ఆ అమ్మాయికే ఒక పిస్తోలు అమ్మి ఉండొచ్చు కదరా, గొడవ వదిలేది," అన్నారు టాకెట్ గారు. దానికి జవాబు.

ఫిబ్రవరి నాలుగున షీనా వచ్చింది. బడి వంటింట్లో పనిచేస్తుంది. ఇద్దరు పిల్లలతో లారెల్ వాగు దగ్గర వాళ్ల అక్క ఇంట్లో ఉంటోంది. ఆమె చెయ్యి నేనే గీశాను. సన్నటి చెయ్యి, చూపుడువేలు ఒకసారి విరిగి వంకరగా అతుక్కుంది. ఎలా విరిగిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. సరిపోయే పిస్తోలు దొరికింది. పట్టుకుంది, బరువు చూసింది, గోడ వైపు గురి చూసింది. తర్వాత జాగ్రత్తగా కింద పెట్టేసింది.

"బాగుంది కోల్బీ. కానీ ఇది ఇంట్లో ఉంటే చివరికి ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలుసు," అంది.

తలుపుకు గడియ, పడవల మీద మోగించే గాలి బూర కొనుక్కుని వెళ్లింది. ఆ బూర మైలు దూరం వినిపిస్తుందని డబ్బా మీద ఉంది. లారెల్ వాగుకు మైలు దూరంలో ఇల్లు లేదు. నేను ఆ మాట చెప్పలేదు. అందుకు మాత్రం తప్పు చేశాను, దానికి ఏ సెక్షనూ లేదు. తొమ్మిది నిమిషాలు అన్నాను కదా. నేను నా కారులో వెళ్లి లెక్కపెట్టాను. రెండుసార్లు. తొమ్మిది.

మూడున్నరకి టాకెట్ గారు నా ముందు రెండు కాగితాలు పెట్టారు. ఒకటి క్షమాపణ, టైపు చేసి ఉంది. పొరపాటున చెయ్యి జారిందని, మన్నించమని. దాని మీద సంతకం పెడితే ఓలెటా గారు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు. ఐదింటికి పిస్తోలు ఆమెకు అప్పగిస్తారు. ఆ ఫిర్యాదు నేనూ చూశాను. సంతకం ఆమెది. రాసిన చెయ్యి వేరు. అక్షరాలన్నీ ఎడమ నుంచి కుడికి అలుక్కుపోయి ఉన్నాయి, రాస్తూ రాస్తూ ఎడమచెయ్యి సిరా మీదుగా జరిగితే అయినట్టు. దాన్ని కూడా జతచేయమని కోరుతున్నాను.

"నష్టం ఏమీ లేదురా," అన్నారు టాకెట్ గారు. "తుడిచి నూనె రాస్తే పిస్తోలు బ్రహ్మాండంగా పేలుతుంది."

"అదే కదా నష్టం."

"మీ బాబాయి క్షమించాడు. ఒక్క చేపపిల్ల కూడా చావలేదట."

"వాటి గట్టితనం అది. నా ఉద్దేశం మాత్రం చెడ్డదే."

"ఒరేయ్, బడిలో టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టావు. దొంగతనం కేసు పడితే ఈ కౌంటీలో నీకు సుద్దముక్క కూడా ఇవ్వరు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

"నావి కాలితే కాలనీండి. ఆకులు ముందే పట్టుకోవాల్సింది షీనా కోసం."

ఆయన కుర్చీ వెనక్కి వాల్చి పైకప్పు చూశారు. నాకు పదేళ్లప్పుడు బంతి పట్టడం నేర్పింది ఈయనే. నేను పట్టలేకపోయిన ప్రతిసారీ ఇలాగే ఆకాశం చూసేవారు.

"నీకేం కావాలిరా అసలు?"

"కేసు కావాలి. కేసుంటే పిస్తోలు సాక్ష్యం. సాక్ష్యం మీ అల్మరాలో ఉండాలి. డారెల్ ఐదు తుపాకుల పక్కన ఇంకొకటి పడుతుంది. మీకు తాళంచెవి కూడా కొత్తది అక్కర్లేదు."

అందుచేత రెండో కాగితం, అంటే ఇది, పూర్తిచేయమన్నాను. చెయ్యి జారలేదు. పొరపాటు కాదు. మతి చలించలేదు, రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయాను. పరాయి సొత్తని తెలిసే లాక్కున్నాను, నీళ్లలో వేయాలనే వేశాను. రేపు అదే పిస్తోలు అదే బల్ల మీద కనిపిస్తే మళ్లీ వేస్తాను. ఎల్లుండి కూడా. చేపపిల్లలకు మాత్రం క్షమాపణ చెబుతున్నాను.

నాలుగూ అయిదుకి టాకెట్ గారు లేచి బయటి గదిలోకి వెళ్లారు. తలుపు సగం తెరిచే ఉంది. అక్కడ బల్ల మీద ఓలెటా పెద్దమ్మ ఒక్కరే కూర్చుని ఉన్నారు, నీలం కోటు, ఒళ్లో చేతిసంచీ. డారెల్ బయట ట్రక్కులో ఉన్నాడు, ఇంజను మోత వినిపిస్తోంది. ఇక్కడి నుంచి రాసినది నేను చెవులారా విన్నది.

"కుర్రాడు ఒప్పుకున్నాడు ఓలెటా గారూ. కేసు పెట్టక తప్పదు. పిస్తోలు సాక్ష్యం కింద మా దగ్గరే ఉంటుంది. మీకు ఇప్పుడు ఇవ్వలేను."

ఆమె సంచీ కొక్కెం తీశారు, వేశారు. తీశారు, వేశారు.

"ఎన్నాళ్లు ఉంటుంది రాండల్?"

"కోర్టు తేదీ జూన్‌లో పడొచ్చమ్మా."

పెద్దమ్మ తలుపు వైపు చూశారు, బయట ట్రక్కున్న వైపు. తర్వాత గొంతు తగ్గించారు.

"జూన్ అంటే మరీ దగ్గర కదా. జూలైకి జరపలేవా నాయనా?"

టాకెట్ గారు లోపలికి వచ్చి కూర్చున్నారు. ఇంకేమైనా చేర్చాలా అని అడిగారు. పెద్దమ్మ అన్న మాట చేర్చమన్నాను. చేర్చారు. ఆయన చేతిరాత అక్కడ కొంచెం వంకర పోయింది, అది నా ఒత్తిడి వల్ల కాదు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఒక్క అక్షరం కూడా మార్చనవసరం లేదు. ఇందులో నేను చేశానన్న ప్రతి పనీ నేనే చేశాను, ఎవరి తరఫునా కాదు, ఎవరో చెప్పీ కాదు. నిజమైన నేరస్తుణ్ణి నేనే. కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నాను.

సాయంత్రం నాలుగూ ఇరవై రెండుకి, నా కుడిచేత్తో,

కోల్బీ లెస్టర్ స్ప్రాడ్లిన్